రెండు రోజులు తక్కువ

క్లెమెంట్ ఫెబ్రువారీ.
ఇంటిపేరే ఒక నెల.
ముత్తాతకు తాతని ఓడలోంచి దించిన నెల అది.
దించినవాడికి పేరడిగే ఓపిక లేక
తేదీ చూసి రాసుకున్నాడట.
"అన్నిట్లోకీ పొట్టి నెల మా వంశానికి తగిలింది,
అందుకే మాకెప్పుడూ రెండు రోజులు తక్కువ"
అని నవ్వేవాడు, సాక్సఫోన్ మెడ బిగిస్తూ.

నేను డ్రమ్ముల వెనక కూర్చునేవాణ్ణి.
ముప్ఫయ్యొక్క ఏళ్ళు నేను చూసింది అతని వీపునే.
ముఖం సంగతి ఇంకెవర్నైనా అడగండి.
నాకు తెలిసిందల్లా
పాట రెండో చుట్టుకొచ్చేసరికి
కాలర్ కింద చెమట మరక ఎలా విచ్చుకునేదో,
ఊపిరి తీసే ముందు ఎడమ భుజం
ఒక వేలెడు ఎలా లేచేదో.
ఆ భుజం చూసే నేను కర్ర ఎత్తేవాణ్ణి.

పగలు టైర్ల ఫ్యాక్టరీ.
ఎంత సబ్బు రుద్దినా రబ్బరు వాసన వదలదు.
మెల్లగా వాయించే ప్రేమపాటలోకి కూడా
ఎక్కణ్ణుంచో ఒక టైరు దొర్లుకుంటూ వచ్చేది.
మీట స్ప్రింగు విరిగితే
ట్యూబు ముక్క కోసి బిగించి కట్టాడు.
ఇరవై ఏళ్ళు ఆగింది.
"కంపెనీ నాకిచ్చిన పెన్షన్ ఇదే" అనేవాడు.

పోర్ట్ ఎలిజబెత్‌లో గాలి
అప్పు వసూలుకొచ్చినవాడిలా తలుపులు బాదుతుంది.
సౌత్ ఎండ్ హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు
పైకప్పు రేకు తాళం తప్పితే
అతను విసుక్కోకుండా పైకి చూసి తలూపేవాడు.
ఆ పూటకి రేకు కూడా మా బ్యాండు మనిషే.

సముద్రం ఒడ్డు హోటల్లో ఒక రాత్రి
మమ్మల్ని తెర వెనక నిలబెట్టారు.
తెర ముందు ఒక తెల్ల కుర్రాడు
సాక్సఫోన్ ఊరికే పట్టుకుని బుగ్గలు పొంగించాలి.
చప్పట్లు వాడివి, ఊపిరి ఇతనిది.
మూడో పాట మధ్యలో క్లెమెంట్ ఆపేశాడు.
ఊరికే, ఆపేశాడు.
కుర్రాడి బుగ్గలింకా పొంగే ఉన్నాయి.
నేనొక్కణ్ణే, భయంతో,
సింబల్ మీద బ్రష్ తిప్పుతూ ఉండిపోయాను.
నేనూ ఆపొచ్చు. ఆపలేదు.
నడిచి వస్తుంటే దారిలో ఆ మాటే ఎత్తలేదు.
రేవు దగ్గర వేయించిన చేప కొన్నాడు,
కాగితంలో సగం నాకిచ్చాడు.
ఆ సగం నాకింకా అరగలేదు.

తర్వాత కాగితాలొచ్చాయి, వెనకే బుల్‌డోజర్లు.
ఎవరు ఏ రంగో, ఏ రంగు ఎక్కడుండాలో
గీతలు గీసిన కాగితాలు.
హాలు పియానో తలుపులోంచి పట్టలేదు,
దాని మీదే గోడ పడింది.
అది ఏ స్వరంలో పడిందని
మా పియానిస్టు ఐజెయా చనిపోయేదాకా వాదించాడు.

మిగిలింది ఒకే టేపు.
క్లెమెంట్ చెల్లెలు ఎస్మరెల్డా వంటింట్లో పట్టింది.
అందులో ఒక పిల్ల దగ్గుతుంది,
ఎవరో సాసర్ పగలగొడతారు.
ముప్ఫై రెండు బార్ల సోలోలో
ముప్ఫై వాయించి సాక్స్ దించేస్తాడు,
ఎప్పుడూ చేసినట్టే.
ఎందుకని అడగలేదు నేను.
ఇంటిపేరు లెక్కేమో అనుకున్నాను,
ఎవరికో వదిలిపెడుతున్నాడేమో అని కూడా.
టేపులో ఆ రెండు బార్లూ
పిల్ల దగ్గుతోనే నిండాయి.

గురువారం మట్టి చేశాం.
పాస్టర్ అతన్ని "సహోదరుడు క్లైవ్" అన్నాడు రెండుసార్లు,
గాలికి టోపీ ఎగిరితే మూడోసారి సరిచేసుకున్నాడు.
సాక్సఫోన్ ఎప్పుడో తాకట్టులో పోయింది.
మేనకోడలు నా చేతిలో రీడ్ల డబ్బా పెట్టింది.
"మీరైతే దాచుకుంటారని."
డ్రమ్ములవాడికి రీడ్లెందుకు?

రాత్రి ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాను.
అతని ఎంగిలి. ఆ సన్నటి వెదురు ముక్కకి
రబ్బరు రుచి ఉందనే అంటాను,
మీరు నమ్మినా నమ్మకపోయినా.
ఊదడం నాకు రాదు.
ఊపిరి తీశాను.
నా ఎడమ భుజం ఒక వేలెడు లేచింది.
కర్ర ఎత్తడానికి
వెనక ఎవరూ లేరు.