ఎనిమిదొందల అడుగులు

ఆదివారం తెల్లారగట్ల
చందవరం స్థూపం గట్టు మీద తొమ్మండుగురం కూచుంటాం.
పోలయ్య గొర్రె ఏదీ తప్పిపోకపోతే పదిమందిమి.

కింద గుండ్లకమ్మ. నీళ్లుండవు.
ఇసుక ట్రాక్టర్లు పోయిన గాళ్లుంటాయి,
వాటి మీద పిట్టకాళ్ల గుర్తులు.

ఇస్రాయేలు బ్రాంచి పోస్టుమాస్టరుగా చేసి దిగిపోయాడు.
ముప్పై ఏళ్లు ముద్రలు కొట్టిన చెయ్యి
ఇప్పుడు చిన్న కంచు గిన్నె కొడుద్ది.
"వెన్ను నిటారుగా పెట్టండి.
ఊపిరి వస్తే వచ్చిందని, పోతే పోయిందని. అంతే.
రిజిస్టరు పోస్టేం కాదు, సంతకం అక్కర్లా."

నాకు ఊపిరి దొరకదు.
కళ్లు మూస్తే రిగ్గు కనపడుద్ది.

పద్నాలుగేళ్లు తిరుచెంగోడు బండి మీద పనిచేశా.
రాడ్డుకి రాడ్డు బిగించుకుంటా
నేలని అడగడమే నా పని: ఉందా? ఉందా?
నూరడుగులకి ఎర్రమన్ను.
మూడొందలకి రాయి.
ఐదొందలు దాటాక తెల్లటి దుమ్ము,
చెవుల్లో, రెప్పల్లో, రాత్రి తినే అన్నంలో.
ఎనిమిదొందలకి ఒకనాటి మిట్టమధ్యాన్నం తడి తగిలింది.
టెంకాయ కొట్టారు. బిందెలు బారు తీరాయి.
ఎవరో నా కాళ్లకి దణ్ణం కూడా పెట్టారు,
బురద కాళ్లకి.

ఆ నీళ్లలో ఏముందో
ముందు పిల్లల పళ్లకి తెలిసింది. పసుప్పచ్చ చారలు.
ఫ్లోరైడ్ అనే మాట మాకొచ్చేలోపు
అది నాసరమ్మ నడుములో కాపరం పెట్టింది.

నాసరమ్మా గట్టెక్కుద్ది.
అందరికంటే ముందు బయల్దేరి
అందరికంటే వెనక చేరుద్ది.
కొడవలిలాంటి వెన్ను. ఆకాశం చూడాలంటే
నీళ్ల గుంటలో చూసుకోవాల.

మొదటివారం ఇస్రాయేలు అలవాటు కొద్దీ
"వెన్ను నిటారుగా" అన్నాడు.
ఆమె పెట్టబోయింది.
కళ్లు మూసుకునే ఉన్నాం అందరం,
ఎముక చేసిన చప్పుడు మాత్రం విన్నాం.

ఆ మాట మళ్లీ ఆయన నోట రాలా.
"ఎవరి వెన్ను ఎట్టా ఉంటే అట్టా" అంటాడిప్పుడు,
గిన్నె కొట్టబోయే ముందు కాసేపాగి.

ఆ బోరేసింది నేనేనని ఆమెతో చెప్పడానికి
పదకొండు ఆదివారాలు పట్టింది నాకు.
"తెలుసులేరా అబ్బయ్యా" అంది.
"దాహమని అడిగింది మేమే గదా."
గట్టు దిగతా దిగతా నా మోచెయ్యి పట్టుకుని
"ఇంతకీ నీకు మాపు కావాల్నా,
నాకు నీళ్లు తెస్తావా?"

నా దగ్గర మిగిలిన కేసింగు పైపులున్నాయి.
భూమిలోకి దించాల్సిన వాటిని
పోస్టాఫీసు డాబా గోడకి నిలబెట్టి కట్టా.
డాబా కడిగాం. పోలయ్య బొగ్గు తెచ్చాడు,
నదిలో ఇసుక వద్దని ఇస్రాయేలు పట్టుబట్టాడు,
కూలిన పాతగోడ ఇసుకే జల్లించాం.
మొదటి వాన వదిలేశాం. రెండోది తొట్టిలో పడింది.

ఇంటికి బిందె, తాగడానికీ వండడానికీ.
తాళం లేదు, పలక మీద గీతలు.
ఏప్రిల్లో గీతలెక్కువ, నీళ్లు తక్కువ.
ఊపిరి చూసుకునే మేమే జుట్లు పట్టుకున్నాం.
ఇస్రాయేలు గిన్నె మోగించాడు.
ఎవరూ ఆగలా.
చివరికి గిన్నె పక్కనపెట్టి ఆయనా అరిచాడు.
మరుసటి ఆదివారం గట్టు మీద
చాలాసేపు ఎవరూ కళ్లు మూయలా.

సాయంత్రం నాసరమ్మ బిందె నేను మోస్తా.
అడుగేస్తే వేశానని. తొణికితే తొణికిందని.
పోస్టాఫీసు నుంచి ఆమె గడప దాకా లెక్కబెట్టా,
ఎనిమిదొందలొస్తాయేమోనని.
ఆరొందల పద్నాలుగు.

తల ఎత్తలేదు గనక
గ్లాసు పక్కకి వంచి తాగుద్ది.
ఒక గుక్క. ఆగుద్ది. ఇంకో గుక్క.
వాకిట్లో నిలబడి వింటా.
నా చెవుల్లో రాడ్లు తిరగడంలా.

గ్లాసు బోర్లించి బిందెలోకి చెయ్యి పెట్టి చూసి
"అడుగున పాచి పట్టిందిరా" అంటది.
"రేపు చింతపండేసి తోముకురా."