నడుమెత్తు

మర్రిగూడ చౌరస్తల నాది ఆరడుగుల దుకాణం.
అద్దం కింద చార్జర్లు, అద్దం మీద మోచేతుల మరకలు.
వచ్చినోళ్లకు ఒక్కటే మంత్రం చదువుత:
విమానం బొమ్మ నొక్కు, పది లెక్కవెట్టు, మళ్ల నొక్కు.
కాకుంటె బందువెట్టి తెరువు.
అప్పటికీ రాకుంటె సిమ్ము తీసి అంగీకి తుడువు.
సగం బీమార్లు ఈడనే తగ్గుతయి,
మిగిలినోళ్లను
టవర్‌ను తిట్టి తోలిస్త.

మొన్న బేస్తారం కట్కూరి ఇద్దయ్య వచ్చిండు.
మెడ తిరగదు, పిలిస్తే మనిషే తిరుగుతడు
తలుపు తిరిగినట్టు.
చిన్నప్పటి బాయినీళ్లు బొక్కలల్ల గట్టివడ్డయి,
ఇంటికి నల్లా వచ్చేనాటికి
నడుము ఒంగుడు అయిపోయింది.

ఫోన్‌ను రెండు చేతుల్ల తెచ్చి
పిట్టపిల్లను పెట్టినట్టు అద్దం మీద పెట్టిండు.
"పోతలేదు బిడ్డా. ఎన్నిసార్లు కొట్టినా పోతలేదు."

విమానం బొమ్మ. పది. సిమ్ము. అంగీ.
నెట్‌వర్క్ సెట్టింగులన్నీ చెరిపి మళ్ల పెట్టిన.
నాలుగు గీతలు నిటారుగ నిలవడ్డయి.
నా నంబరుకే కొట్టిన, మోగింది.
"ఫోన్ మంచిగున్నది తాతా, మీ ఇంటికాడ సిగ్నల్ లేదంతే.
మిద్దెక్కి చెయ్యి పైకెత్తి చూడు."

అన్నంక నాలుక కరుసుకున్న.

ఆయన నవ్విండు.
చెయ్యి లేచినంత లేపి చూపిండు,
అంగీ రెండో గుండీ కాడ ఆగింది.

షట్టర్ సగం గుంజి బండి తీసిన.

గుట్టెనుక రేకుల ఇల్లు.
గోడెక్కిన. రాతికడీ ఎక్కిన. గడ్డివాము గూడ ఎక్కిన.
చెయ్యెత్తి చుట్టూ తిరిగిన, ఒక్క గీత లేదు.
బర్రె కుడితిగోలెం కాడ నిలవడి
"ఈడ రెండుంటయి" అన్నడు ఇద్దయ్య.
పోయి నిలవడ్డ. లేవు.
"నువ్వు పొడుగున్నవు."

నిజమే. ఆయన కండ్లెత్తుల,
ఏ రాయికి తగిలి ఎటు మలిగి వస్తదో ఏమో,
రెండు గీతలు.

"మరి ఎవరికి పోతలేదు?"
"మోటరుకు."

బత్తాయి తోట రెండు చెలకలవతల.
బోరుకాడ స్టార్టర్ డబ్బల ఒక సిమ్ము ఉంటది.
ఈడ కొడితే ఆడ ఎత్తుతది,
ఒకటి నొక్కితే నీళ్లు, రెండు నొక్కితే బందు.
గట్ల మీద నడవలేని మనిషి
రోజూ మాట్లాడే నంబరు అదొక్కటే.
"అది మాట్లాడదు, పని జేస్తది.
ఇప్పుడు ఎవరో ఆడామె నడుమ వచ్చి
ఏందో జెప్తుంది. నాకు సమజ్ గాదు."

స్పీకర్ పెట్టి విన్న.
సేవలు తాత్కాలికంగా నిలిపివేయబడ్డాయి, అంటున్నదామె
ఎవరి మీదా కోపం లేని గొంతుతోని.

గట్లు దాటిపోయి డబ్బ తెరిచిన.
లోపల రెండు బల్లిగుడ్లు, పచ్చలైటు, మంచిగున్న సిమ్ము.
అలవాటుకొద్దీ అంగీకి తుడిచి పెట్టిన.
కిందంత ఎండుపిందెలు, చెప్పుకింద పటపటమన్నయి.

మళ్ల గోలెం కాడికొచ్చి ఫోన్ తీసిన.
నడుము ఒంచిన. "ఇంకింత" అన్నడు.
మోకాళ్ల మీద కూసున్న.
బర్రె నా చెవిల వెచ్చగ ఊపిరిడిసింది.
చక్రం తిరిగి తిరిగి చూపింది:
మోటరు సిమ్ముకు గడువు అయిపోయి పద్దెనిమిది రోజులు.

పద్దెనిమిది రోజులు ఆయన ఫోన్‌ను తిట్టిండు,
నేను చూడని టవర్‌ను తిట్టిన.
వినేటి దగ్గర తప్పుంటదని
ఇద్దరికీ తట్టలే.

రీచార్జ్ కొట్టిన. పైసలు ఇయ్యబోతే
బత్తాయిలు కాసినంక తీసుకుంటనన్న.
"కాస్తయంటవా?" అన్నడు, నేను జవాబియ్యలే.

ఆయన కొట్టిండు.
ఒక్క గంట. రెండు. ఎత్తింది.
ఒకటి నొక్కి ఊకున్నడు, నేనూ ఊకున్న.
చెలకలవతల, ముసలోడు గొంతు సవరించుకున్నట్టు
మోటరు ఒకసారి దగ్గి
అందుకున్నది.

దుకాణంల మంత్రం అదే చదువుతున్న.
చెయ్యెత్తుమని మాత్రం అంటలేను.
విమానం బొమ్మ కంటే ముందు
అడుగుతున్న:
ఎవరికి కొడుతున్నవు?