పేరు గడి

నూట అరవై కిలోమీటర్లు ఎర్రదుమ్ము తింటూ వచ్చాం.
బండి వెనకాల తూకం, చెవుల్లోకి చూసే దీపం,
ఐరన్ చుక్కల సీసాలు,
కిందటిసారి ఎజెకియా నమిలి వదిలేసిన బొమ్మల పుస్తకం.

ఇల్లు ఇంకా అల్లంత దూరాన ఉండగానే
డల్సీ అంది: ఆపు.

ఇంటి ముందు నేలంతా ఊడ్చి ఉంది.
చీపురుతో కాదు, ఆకులున్న కొమ్మతో.
పాదం గుర్తు లేదు, సైకిలు చారిక లేదు,
కుక్క పడుకునే గుంట కూడా లేదు.

నాలుగు వారాల కిందట ఇక్కడే ఒకావిడ
ఇనప డ్రమ్ములో నిప్పు ఎగదోస్తూ
నన్ను నా పేరుతో పిలిచి పగలబడి నవ్వింది.
అది ఆవిడ పేరు కూడా మరి.
ఒకటే గౌను ఇద్దరం తొడుక్కున్నాం,
నీకు వదులు, నాకు బిగుతు, అనేది.

డల్సీ అద్దం దించి
నాతో కాదన్నట్టు, గాలితో అన్నట్టు అంది:
ఆవిడ లేదు. నీ పేరూ లేదు.
ఎన్నాళ్ళు?
ఏడాది. రెండేళ్ళు. వాళ్ళు చాలనేదాకా.
అందాకా నువ్వు కుమంజాయి.

పోయినవాళ్ళ పేరు మోసే ప్రతివాళ్ళకీ ఇక్కడ అదే పేరట.
దుకాణంలో గల్లా దగ్గర కూర్చునే పిల్ల కూడా
మొన్నటి నుంచీ అదేనట.

ఎండిన ఏటికి అవతలి ఒడ్డున టార్పాలిన్లు, పరుపులు,
పొగ.
మేం ఇవతలే కూర్చున్నాం.
గంటయిందో, ఎక్కువో.
గడియారం చూస్తే డల్సీ చూస్తుందని చూడలేదు.
ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు.
రమ్మనకపోవడానికీ పొమ్మనకపోవడానికీ మధ్య
ఈగలు తోలుకుంటూ కూర్చోవడం
నా చదువులో ఎవరూ నేర్పలేదు.

చివరికి టనీషా వచ్చింది.
జుట్టు మొదలంటా కత్తిరించుకుంది. నుదుట తెల్లమట్టి.
చంకలో పిల్లాడు, వాడి పిడికిట్లో ఎవరిదో కారు తాళంచెవి.
మాకు సగం వీపు పెట్టి కూర్చుంది.

ఏడు కిలోల మూడువందలు.
కుడి చెవి బాగుంది. ఎడమ చెవిలో ఇంకా చీము.
నీలం గీత మీద చుక్క పెట్టాను,
నిలబడదామా పడిపోదామా అన్నట్టున్న చుక్క.

ఈ వారం పాఠం: బిడ్డతో మాట్లాడటం.
మొదటి వాక్యం: ఇంట్లో అందరి పేర్లూ చెప్పి పిలిపించండి.
కాగితం మడిచి తొడ కింద పెట్టుకున్నాను.

అప్పుడడిగింది టనీషా, ఇసుకతో:
ఏడిస్తే పాలు ఇంకిపోతాయా?

నా దగ్గర మూడు వాక్యాల జవాబుంది, మంచిదే.
నోరు తెరిచేలోగా మోకాలి మీద డల్సీ చెయ్యి.
తర్వాత వాళ్ళ భాషలో ఆమె చాలాసేపు చెప్పింది,
వేలితో ఇసుకలో ఒక వంక, దాని పక్కన చిన్న వంక,
చుట్టూ ఇంకొన్ని వంకలు,
అరచేత్తో చెరిపి మళ్ళీ మొదటినుంచి.
ఎక్కడో మధ్యలో టనీషా పిల్లాణ్ణి రొమ్ముకు తీసుకుంది.
గుటక వినబడింది.
ఏం చెప్పావని దారంతా అడగలేదు,
ఆమె చెప్పనూ లేదు.

రాత్రి క్లినిక్‌లో కంప్యూటరు.
బరువు రాశాను, చెవి రాశాను, చీము రాశాను.
ఇంటికి వెళ్ళిన నర్సు పేరు, అనే గడి దగ్గర
వేళ్ళు ఆగాయి.
వదిలేసి కిందికి పోతే ఎర్రటి అక్షరాలు:
ఈ గడి ఖాళీగా ఉండకూడదు.
కుమంజాయి అని కొట్టాను.
అటువంటి ఉద్యోగి ఎవరూ లేరంది.

అది నిజమే.

పొడవాటి సున్నా లాంటి ఆ గడిలో
మినుకుమంటున్న గీతను చూస్తూ కూర్చున్నాను.
బయట బండి దగ్గర డల్సీ,
ఇంటికి దింపమని గంట నుంచీ నిలబడి,
కుమంజాయీ, అని కేకేసింది,
తాళాలు నీ దగ్గరే ఉండిపోయాయి.

నన్నే అని తెలియడానికి
కాస్త సమయం పట్టింది.