వెండి అట్ట

మనామాల ఆ హాలుకు నేను రాత్రి ఊడ్పు మనిషిని.
సినిమా ఒడిసినంక కుర్చీల కింద
పాప్‌కార్న్ ఏరుడు నా పని.
గురువారం గురువారం పాత జర్మనీ సినిమాలు,
నియంత ఏలిన కాలానివి.
ఉల్రికె మేడం ముందుగాల పావుగంట మాట్లాడుతది.
బోధన్ బర్కత్ భాయి నా చెవుల ఊదుతడు:
"ఇది తీసిన ఏడాది బయట బాంబులంట.
లోపట మాత్రం పెండ్లి."

నిజంగనే పెండ్లి.
తెల్ల గౌన్లు గిర్రున తిరుగుతున్నయి,
బల్ల మీద ఇంతింత రొట్టెలు,
పిల్లగాడొకడు కిటికీలకెళ్లి చెయ్యి ఊపుతున్నడు.
జెండా లేదు. తిట్టు లేదు. తుపాకి లేదు.
"అసలు మందు గదే" అన్నదంట మేడం,
"తియ్యగుంటె ఎవడు ఉమ్మేస్తడు?"

నేను రొట్టెలనే చూస్తున్న.
ఒక్కడు కొరుకుతలేడు.
కొరకని తిండి నాకు ఎరుకే.

రెండేండ్ల కింద మా సల్మాబాద్ క్యాంపుకు
కంపెనీ కెమెరా వచ్చింది.
పొద్దుగాల్నే గోడలకు సున్నం.
పన్నెండు మంది రూముల నలుగురిని ఉంచి
ఎనిమిది మందిని బస్సుల కూసోబెట్టిన్రు,
ఇంజన్ బందువెట్టి.
మడత గీతలు పోని కొత్త దుప్పట్లు.
మంచానికొక ఆపిల్ పండు.
ఎండను లోపటికి మళ్లియ్యాలని
వెండి కాయితం అంటించిన అట్ట నా చేతికిచ్చిన్రు.
"ఇటు. ఇంకింత ఇటు."
నేను తిప్పితే గుండేటి రాజలింగు మొఖం
క్యాలెండర్ల దేవుని లెక్క మెరిసింది.
అప్పటికి వానికి ఐదు నెలల జీతం రాలే.
నవ్వుమన్నరు.
దొంగ నవ్వు కాదు, మంచిగనే నవ్విండు.
అదే నాకు ఇప్పటికీ సమజ్ కాదు.

కెమెరా మూసినంక
పండ్లు లెక్కవెట్టి వాపస్ తీసుకున్నరు.
ఒకటి తక్కువొచ్చింది.
గంటసేపు మా పెట్టెలన్నీ దేవులాడిన్రు.

ఆ వీడియో రాజలింగు ఇంటికి పంపిండు.
"దుప్పటి మంచిగున్నదే" అన్నదంట లసుమవ్వ.
"ఆఁ, మెత్తగుంటది" అన్నడు వాడు.

హాల్ల లైట్లు వెలిగినయి.
వెనుక వరుసల కండ్లద్దాల పిల్ల లేచి అడిగింది.
బర్కత్ భాయి మెల్లగ చెప్పిండు:
"అప్పుడు ఆ దీపాలు పట్టినోళ్లకు
ఏం తీస్తున్నరో తెల్వదా అంటున్నది."

మేడం చాన సేపు ఆలోచించింది.
నా చేతుల చీపురున్నది.
తెలుసు బిడ్డా.
చేతులు గుంజుతుంటయి, గంతే.
ఇగ ఆ తక్కువొచ్చిన పండు
బస్సు వెనుక నిలబడి
గింజలతోని సుత నమిలి మింగిన.