కారం పడ్డ కన్ను

ఎనుమాముల మార్కెట్ల కాంటా రాసేటోణ్ణి.
పదకొండేండ్ల సంది
నా జేబుల పెన్నుకు గూడ మిరప వాసనే.

శివరాత్రి దాటింది. యార్డు నిండ తేజ కుప్పలు,
ఆ మూలకు చపాట, లావుగ, మెరుసుకుంట.
ఒకడు తుమ్మితే వరుస వరుసంత తుమ్ముతది.
పరకాల రైతుకు పక్కోడు చిరంజీవ అంటడు,
చాయ్ బండి యాకూబ్ మామ అల్హమ్దులిల్లా అనుకుంటడు,
బస్తాలు మోసే బిహారు పోరడు
ముక్కు చీది ఊకుంటడు.
తుమ్ము మాత్రం ఏ భాషల వచ్చిందో
నేనింక కనిపెట్టలె.

ఆ దినం ఒక పిల్ల, నాలుగేండ్లుంటయి,
కాయలు ఏరనీకి బస్తర్ దిక్కుకెల్లి వచ్చినోళ్ళ బిడ్డ.
పేరు సోమారి.
మేం నవ్వినం, సోమరిపోతు అనుకొని.
సోమారం పుట్టిందట, గంతే.

కారం చేతులతోని కండ్లు నలుసుకున్నది.
ఇగ సూడు ఆ కేక!
తల్లి ఎక్కడో బస్తాల అవుతల.
పిల్ల ఏమంటున్నదో ఎవ్వరికి సమజ్ గాలె,
సమజ్ గావాల్నని ఎవ్వరు ఆగలె.

ద్వాలిబాయి తన టుక్రి కొస ముద్ద జేసి
నోటికాడ పెట్టి హా అని ఊది
కంటికి అద్దింది.
అటు పక్క యాకూబ్ మామ
చాయ్ మరకల రుమాలు ముద్ద జేసి, హా.
ధర కాడ కొట్లాడుతున్న గుజరాతు సేటు
ఫోను చెవుల ఉండంగనే
తెల్ల దస్తీ తీసి, హా.
ఉరికొచ్చిన తల్లి అందర్ని నూకి
చిరిగిన కొంగుతోని
అదే హా.

ఒకల్నొకలు సూసి నేర్సుకున్నది గాదు,
ఎవ్వరి కండ్లు ఎవ్వరి మీద లేవు.

హసన్‌పర్తిల మా నాయినమ్మ
గిట్లనే ఊదేది.
తంబాకు వాసన. ఆ వెచ్చదనం
కన్ను దాటి యాడికో పోయేది.

"రాస్తున్నవా, నిద్ర పోతున్నవా?" అడ్తిదారు ఒర్రిండు.
ముప్పై నాలుగో బస్తా తూకం
చిట్టాల గిప్పటికి ఖాళీనే.

పిల్ల అప్పటికే బిస్కెటు చాయ్‌ల ముంచుతాంది,
ముక్కు కారుకుంట.
నా చేతిల రుమాలు.
ఎప్పుడు తీసిన్నో, ఎప్పుడు ఊదిన్నో,
ముద్దగ, వెచ్చగ ఉన్నది.

ఇగ ఎవ్వరికి అద్దాలె?
నా కంటికే పెట్టుకున్న.