హాజరు పట్టీ

ఫలితం ఏమిటో ఒక పేజీలో రాసిమ్మంది బోర్డు.
రాయడానికి కూర్చున్నాను.

కిస్సిమ్మీలో జనవరి. ఆహార గోడౌను ముందు
తెల్లారకుండానే వరుస.
రోజూ ఉండే చోటే, కాకపోతే
బీన్స్ డబ్బాలు తీసుకుపోయేవాళ్ళది కాదు,
సర్దడానికి వచ్చినవాళ్ళది.
ఎనిమిది గంటల చాకిరీకి
పార్కులో ఒక రోజు ఉచితం.
సంతకం నాది, స్టాంపు నాది,
ఊదారంగు సిరా వారం దాకా నా బొటనవేలిది.

నిరుడు ఇదే నెలలో పద్నాలుగు మంది.
ఈసారి ఆరువందల పన్నెండు.
నా దగ్గరున్నవి నలభై జతల గ్లవ్స్.

స్వామికార్యం స్వకార్యం అంటారు మావాళ్ళు,
రెంటినీ ఒక్క నవ్వులో కలిపేసి.
ఇక్కడ స్వామి ఎవరో తేలలేదు.

ఒకాయన తొమ్మిదింటికే అడిగాడు,
"గంటల లెక్క లోపలికొచ్చినప్పట్నుంచా,
బండి ఆపినప్పట్నుంచా?"
ఒకావిడ కవలపిల్లలతో వచ్చింది.
ఆరేళ్ళ లోపు వాళ్ళకి టికెట్టు రాదన్నాను.
వాళ్ళు పెట్టెలో వేసిన వేరుశనగ వెన్న సీసాలు
తిరిగి బయటికి తీసింది, నిజం,
నాలుగు సీసాలు బల్ల మీద వరసగా పేర్చి వెళ్ళింది.
నేనేమీ అనలేదు.
ఆమె కాళ్ళకి ఆస్పత్రి బూట్లు,
రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది.

మూడో రోజు మధ్యాహ్నానికి
సర్దడానికి డబ్బాలు అయిపోయాయి.
సర్దినవి విప్పి మళ్ళీ సర్దించాను.
ఇది పేజీలో రాయను.

నాలుగింటికి అసలు వరుస మొదలైంది.
అందులో ఓడెల్ ప్రూయిట్.
ఆ పార్కులోనే రాత్రి షిఫ్టు,
గుర్రాల రాట్నం కింద పాప్‌కార్న్ ఊడ్చే పని,
చొక్కాకి ఇంకా పేరు బిళ్ళ.
అద్దె కట్టేసిన వారం మా దగ్గరికొస్తాడు.
సంచి అందిస్తున్న కుర్రాడు బిళ్ళ చూసి
"అక్కడ పనిచేస్తారా! అదృష్టవంతులు" అన్నాడు.
ఓడెల్ సంచి ఎత్తి బరువు చూసుకున్నాడు.
"మంగళవారం రా బాబూ,
క్యూలు తక్కువ."

లెక్క వేశాను, వేయకపోతే నిద్ర పట్టదు నాకు.
టికెట్టు ఉచితం.
బండి ఆపినందుకు పాతిక డాలర్లు,
నీళ్ళ సీసా ఐదు,
వాన పడితే ప్లాస్టిక్ కోటు పన్నెండు.
పైగా ఉచితంగా వచ్చేవాడు ఒంటరిగా రాడు.
పార్కు నష్టపోలేదు,
ఆ సంగతి వాళ్ళ గుమాస్తాకి నాకంటే ముందే తెలుసు.
మాకో? పదకొండు టన్నులు కదిలాయి,
లేబుల్ తలకిందులుగా అంటించినవి కూడా కలుపుకుని.
చెయ్యి దేనికోసం కదిలిందో
డబ్బాలోని చిక్కుడుగింజ అడగదు.
నేనే అడుగుతున్నాను, అదీ బోర్డు అడిగింది కాబట్టి.

ఫిబ్రవరికి పొద్దుటి వరుస పోయింది.
నాలుగింటి వరుస ఉంది.
ఆరువందల పన్నెండు మందిలో మిగిలింది ముగ్గురు.
ఇద్దరు వేసవి దాకా.
ఒకడు, టెరెన్స్ అని ఏసీ మెకానిక్,
ఇప్పటికీ గురువారాలు వస్తాడు.
పార్కుకి వెళ్ళావా అంటే
టికెట్టు కారు అరలో ఉండి ఉండి
గడువు దాటిపోయిందట.
నా మనసు కాస్త కరిగింది.
మరెందుకొస్తున్నావు అనడిగాను,
పేజీకి పనికొచ్చే మాట దొరుకుతుందని.
"ఫోర్క్‌లిఫ్ట్ నడపనిస్తారు కదా" అన్నాడు.

పేజీ ఇంకా ఖాళీ.
పైన తేదీ,
అడుగున అలవాటుకొద్దీ నేను గుద్దిన స్టాంపు.