అయిదు పౌండ్ల గాలి

రాజాం నుంచి తోలుకొచ్చాడు త్రినాథ్
పాత ఎస్టీమ్‌ని,
వెనక సీట్లో పనసకాయలా
తువ్వాల్లో చుట్టిన టర్బోని.
ఎక్కడో తుక్కుకి పోయిన డీజిల్ బండిదట.
"రేపు సాయంత్రానికి ఎక్కించీ మేస్త్రీ."

గురయ్య మేస్త్రి టర్బో వంక చూడలేదు.
బానెట్ ఎత్తి, నాలుగు ప్లగ్గులూ ఊడదీసి
ఒక్కొక్కటే వెలుగులో తిప్పాడు.
మూడోది మసి. మిగతావి బెల్లం రంగు.
"పాపా, గేజ్ అందీ."

నేను ఐటీఐలో చదివింది ఇంజిన్ బొమ్మల్ని.
ఇక్కడ, కంటోన్మెంట్ వెనక రేకుల షెడ్డులో
సెల్ఫ్ కొడితే ముల్లు ఎగిరింది:
నూట డెబ్బై అయిదు. నూట డెబ్బై రెండు.
మూడో సిలిండర్లో నూట ముప్పై ఎనిమిది దగ్గర
మెట్ల మధ్యలో కూర్చుండిపోయిన మనిషిలా ఆగింది.
నాలుగోది బాగానే వచ్చింది గానీ
ఎవరూ రాసుకోలేదు.

చెంచాడు ఇంజినాయిల్ పోసి మళ్లీ చూశాం.
ముల్లు కదల్లేదు. అంటే రింగులు కాదు.
కంప్రెసర్ గాలి పెట్టి
సైలెన్సర్ గొట్టానికి చెవి ఆనించాను.
స్స్‌స్...
పక్కింట్లో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు.

"ఇదేటి మేస్త్రీ, బండి బాగానే తిరుగుతోంది కదా!"
"తిరుగుతాది బావూ. కూడు తిన్నోడూ తిరుగుతాడు, తిన్నోడూ తిరుగుతాడు.
మోత ఎత్తినప్పుడు తెలుస్తాది,
ఎవుడు తిననేదో."

మేస్త్రి ఇరవై రెండేళ్లు
జూట్ మిల్లు బాయిలర్ దగ్గర ఉన్నాడు.
కనుబొమలు కాలి, మళ్లీ సరిగా మొలవలేదు.
గేజ్ అద్దం మీద ఎర్ర గీత
ఎవరు గీశారో ఎవరికీ తెలీదట.
మేనేజర్లు మారినప్పుడల్లా
దాన్ని దాటించమనేవాళ్లు.
"నువ్వొచ్చి పక్కన నిలబడు బావూ, దాటిద్దాం."
ఒక్కడూ నిలబడలేదు.

హెడ్డు దించాం.
వాల్వు అంచున పేస్టు రాసి
రెండు అరచేతుల మధ్య కర్రని
కవ్వంలా తిప్పాను, బూడిదరంగు ఉంగరం
ఎక్కడా తెగకుండా కనబడేదాకా.
పోర్టులో కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేశాం.
పొద్దున్న కింద పరిచిన పేపరు పొడిగా ఉంది,
పెళ్లి ప్రకటనలన్నీ చదువుకోవచ్చు.

సంపు ఊడదీసి చిల్లు పెట్టింది నేనే,
ఆయిల్ మట్టానికి పైన, బొటనవేలు దూరేంత.
"టర్బోలోంచి నూనిని ఎవుడూ తొయ్యడు.
అదే జారి రావాల, చంపావతిలాగ పల్లం సూసుకుని."

ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి వేశాం. గ్యాపు తగ్గించాం,
గాలి చిక్కబడితే నిప్పురవ్వ దూరం దూకలేదని.
టైమింగు రెండు డిగ్రీలు వెనక్కి.
పిస్టన్లూ రాడ్లూ కంపెనీవే, ముట్టుకోలేదు.
"ఆటిని మనం మార్చనేదు.
మరి మనం అడిగేదే తగ్గించుకోవాల."

త్రినాథ్ ఫోన్లో వీడియో చూపించాడు,
ఎవడో పద్దెనిమిది పౌండ్లు పెట్టాడు, టైర్ల కింద పొగ.
"మనకి కనీసం పన్నెండు?"

మేస్త్రి మూలనుంచి సైకిలు పంపు తెచ్చి
వేస్ట్‌గేట్ గొట్టానికి తగిలించాడు.
"కొట్టు."
ఒక దెబ్బ. రెండు. నాలుగు.
అయిదు పౌండ్ల దగ్గర సన్న కడ్డీ
టక్కున జరిగి తలుపు తీసింది.
త్రినాథ్ మళ్లీ కొట్టాడు. మళ్లీ.
ఏడోసారికి అతని చెయ్యే ఆగింది
అయిదు దగ్గర, నేను గేజ్ చదవకముందే.

టర్బో ఇంకా తువ్వాల్లోనే ఉంది.
హెడ్డు బిగించి కొలిచాం:
మూడోది నూట డెబ్బై ఒకటి.
సెల్ఫ్ కొట్టాను. మేస్త్రి తన టీ గ్లాసుని
వాల్వు కవర్ మీద పెట్టాడు.
మీగడ వణికింది, తెగలేదు.

"రేపు ఎక్కిద్దామా మరి?"
కనుబొమలుండాల్సిన చోట చెమట తుడుచుకుని
"రేపు పార్వతీపురం దాకా ఊరికే ఎల్లిరా,"
అన్నాడు మేస్త్రి.
"వచ్చినాక మూడోదాన్ని మళ్లీ అడుగుదుం."